నాలుగో నంబరు నడక

మా ఆయన్ని అందరూ కాళ్ల మాస్టారు అంటారు. కృత్రిమ కాళ్లు తయారుచేసే చోట ఇరవై రెండేళ్లుగా ఆయన పని. కొత్త కాలు బిగించుకున్న మనిషిని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించి, మోకాలి దగ్గర మర ఎంత తిప్పాలో, మడమ కింద ఎంత తగ్గించాలో కంటిచూపుతోనే తేల్చేస్తారు. ఆ కాళ్లకి తోలు బెల్టులు కుట్టేది నేను. వేళ్లు పొడిపించుకునేది నేను, పేరేమో ఆయనది. పోనీలే అనుకుంటాను.

మనిషి మొహం చూడక్కర్లేదు, నడక చాలు అంటారాయన. ఎంత జనంలో ఉన్నా నన్ను నడకతోనే పోల్చుకుంటానని పెళ్లైన కొత్తలో ఊరంతా చెప్పుకు తిరిగారు.

ఆ మధ్య మా దగ్గరికి ఒక కొత్త కెమెరా, దాన్ని నడిపే అమ్మాయి వచ్చారు. భుజాలకీ మోచేతులకీ మణికట్లకీ తుంటికీ మోకాళ్లకీ మెరిసే బిళ్లలు అంటించి, గది చీకటి చేసి నడిపిస్తారు. తెరమీద మనిషి కనపడడు, తెల్ల చుక్కలే. కదలకుండా నిలబడితే అవి కిందపడ్డ బియ్యపు గింజల్లా ఉంటాయి. ఒక్క అడుగు వేస్తే చాలు, అమ్మో, మనిషే! ఆడో మగో, అలిసిపోయారో కోపంగా ఉన్నారో కూడా తెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

పేషెంట్ల నడకతో పోల్చి చూసుకోవడానికి కొన్ని మంచి నడకలు కావాలంది ఆ అమ్మాయి. పనివాళ్లం ఆరుగురం నడిచాం. పేర్లు రాయలేదు, నంబర్లే. పేరు తెలిస్తే కన్ను మొహమాటపడుతుందని మా ఆయనే పెట్టిన పద్ధతి అది. ఆ పూట ఆయన్ని గదిలోకి రానివ్వలేదు. అందరికీ బిళ్లలు అంటించింది నేనే. నాలుగోసారి నాకు నేను అంటించుకున్నాను.

మర్నాడు పొద్దున తెర ముందు కూర్చున్నాం. ఒకటో నంబరు వాచ్‌మన్ అని మా ఆయన ఇట్టే చెప్పేశారు. రెండోది ఊడ్చే అక్క. మూడోది రంగులు వేసే తాత, మోకాలి నొప్పి దాచుకుంటున్నాడని వేళాకోళమాడారు. అందరం నవ్వాం. నాలుగోది మొదలైంది.

"ఇందులో పేషెంటుని ఎవరు కలిపారు?" అని విసుక్కున్నారు.

ఆయన లేచి పెన్సిల్‌తో తెరమీద చూపిస్తూ పాఠం మొదలుపెట్టారు. కుడిచెయ్యి ఊగుతోంది, ఎడమచెయ్యి ఊగడం లేదు. అడుగు పొట్టిగా పడుతోంది. వెనక్కి తిరగడానికి అయిదడుగులు పట్టింది.

"ఇది కాలి జబ్బు కాదు, నరాలది. ఇప్పుడిప్పుడే మొదలవుతున్నట్టుంది. పాపం, ఇంట్లోవాళ్లకి ఇంకా తెలిసుండదు. ఎవరో కనుక్కుని వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి."

కెమెరా అమ్మాయి నా వంక చూసి తల దించుకుంది. నేను ఒళ్లో ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాను. బాగానే కదిలాయి. హమ్మయ్య అనుకునేలోపు, రెండు నెలలుగా బెల్టుల మీద కుట్లు వదులవుతున్న సంగతి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దారాన్ని తిట్టుకుంటున్నాను.

"నాలుగో నంబరు నేనేనండి," అన్నాను.

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. నంబర్లు తారుమారయ్యాయన్నారు. బిళ్లలు సరిగ్గా అంటించలేదన్నారు. ఆ అమ్మాయి మీద అనవసరంగా అరిచారు. చివరికి నన్ను వరండాలో నడవమన్నారు. నేను ఎడమచెయ్యి కావాలని ఊపుతూ నడిచాను. పేషెంట్లు అలా నటిస్తే ఆయన ఊరుకోరు, మళ్లీ మొదటినుంచి నడిపిస్తారు. నన్ను మాత్రం మళ్లీ నడిపించలేదు.

"బాగానే ఉంది," అన్నారు నేల చూస్తూ. నాకు అసలు భయం పట్టుకుంది అప్పుడే.

డాక్టరు మర్నాటికి రమ్మన్నాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరాం. ఎప్పుడూ నాకంటే పదడుగులు ముందుండే మనిషి ఆ రోజు వెనకబడ్డారు. ఎందుకో నాకు తెలుసు. వెనక ఆ చూపు ఉందని తెలిశాక నడవడం ఎలాగో మర్చిపోయాను. ఏ కాలు ముందు వెయ్యాలి, ఈ చెయ్యి ఏం చెయ్యాలి? నడిరోడ్డు మీద ఆగిపోయాను.

"ఏమండీ, అలా చూడకండి. నాకు భయంగా ఉంది."

ఆయన గబగబా వచ్చి నా పక్కన నిలబడ్డారు. కళ్లు మాత్రం ఎత్తలేదు.

"నాకూ భయంగానే ఉంది," అన్నారు. "నువ్వని పోల్చుకోలేకపోయానే."