బాపు మీది వేపచెట్టు

మా బాపు మంచం ఎప్పుడూ క్వార్టర్ వాకిట్లోనే ఉండేది. వాన పడితే తప్ప లోపలికి వచ్చేవాడు కాదు. వచ్చినా కళ్లు మూసుకునే ముందు ఒకసారి పైకప్పు వంక చూసేవాడు. భూమి లోపల బొగ్గు తీసినవాళ్లకు అదొక అలవాటు, ఎక్కడికి పోయినా ముందు నెత్తి మీద ఏముందో చూసుకుంటారు. పెళ్లి పందిట్లో కూడా అట్లాగే చూస్తుంటే నాకు నవ్వొచ్చేది, అవ్వకు కోపమొచ్చేది. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం మేము.

జబ్బుపడి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక ఆయన కోరింది ఒక్కటే.

"నన్ను మన చెల్కల పెట్టున్రి. మీద బండ మాత్రం పెట్టకున్రి. బతికినన్ని రోజులు బండ కిందనే ఉన్న. ఒక యాప మొక్క పెట్టున్రి, సాలు."

చెల్క అంటే రామగిరి దిక్కున మా ఊళ్లో ఉన్న కాస్త మెట్ట భూమి. మాలో పోయినవాళ్లను పూడ్చిపెట్టడమే ఆచారం. బాపు పోయిన రోజు ఆయన షిఫ్టువాళ్లే వచ్చి బొంద తవ్వారు. గనిలో బండ కూలుతుందేమో చూసినట్టే పక్కల మట్టిని కర్రతో తట్టి, సప్పుడు మంచిగనే ఉందని అనుకున్నాకే పైకెక్కారు. అది గని కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ప్రేమ కొద్దీ పెద్ద షాబాద్ బండ కూడా తెచ్చారు. అవ్వ దాన్ని వాపసు పంపింది.

తర్వాత ఉప్పు దగ్గర గొడవ. బొందలో ఉప్పు పోయకుండా పూడ్చడమేమిటని పెదబాపు కస్సుమన్నాడు. ఉప్పు పోస్తే మొక్క బతకదని అవ్వ అంది. మొగుడు పోయిన పూట మొక్క గురించి ఆలోచించే ఆడది ఉంటుందా అని చుట్టాలు మూతులు తిప్పారు. నాకు ఒక్కొక్కరిని కడిగి పారేయాలనిపించింది. అవ్వ ఎవరి మాటా వినలేదు. ఎవరో కప్పిన మెరిసే పాలిస్టర్ బట్ట తీసేసి, బాపు కట్టి కట్టి మెత్తబడిన నూలు ధోతి చుట్టింది.

వేప బతికింది, ఏపుగా పెరిగింది. అవ్వ గోదావరిఖని నుంచి బస్సెక్కి పోయి ఆ నీడలో కూర్చునేది. కాలనీ ముచ్చట్లన్నీ చెట్టుకు చెప్పేది. పక్కన కాస్త నేల చూపించి, గిది నా జాగ బిడ్డా, అనేది.

తర్వాత ఊరి దగ్గర ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. మా చెల్క, గనిలోంచి తీసిన మట్టీ రాళ్లూ పోసే జాగలో పడింది. సమాధులున్నవాళ్లు తమవాళ్లను వేరే చోటికి మార్చుకోవచ్చని చెప్పారు. బండలున్న సమాధులు చూడగానే తెలిశాయి. మా దగ్గర వాళ్లకు కనిపించింది చెట్టు ఒక్కటే. సర్వేకు వచ్చిన అబ్బాయి దాని మీద తెల్ల రంగుతో నంబరు వేశాడు. అవ్వ కొంగుతో తుడిచింది కానీ అది పోలేదు.

"గది చెట్టు కాదు సారు. మా ఇంటాయన."

ఆ అబ్బాయి కుంచె డబ్బాలో పెట్టి పక్క చెల్కకు నడిచాడు.

బాపును తీయడానికి మళ్లీ ఆ షిఫ్టువాళ్లే వచ్చారు. కొంచెం తవ్వగానే వేళ్లు తగిలాయి. ధోతి ఆనవాలు కూడా లేదు. ఎముకల సందుల్లోంచి వేళ్లు పోయి గట్టిగా పట్టుకున్నాయి. గొడ్డలి పడితే తప్ప బాపు బయటికి రాడు. ఒకాయన గొడ్డలి తీసుకుని అవ్వ వైపు చూశాడు. అవ్వ గట్టు మీద కూర్చుని చాలాసేపు లోపలికి చూసింది.

"మన్ను కప్పున్రి. చెట్టు, ఆయన ఒకటైన్రు. నేను ఇడదియ్య."

ఆ రోజు రాలిన వేపపండ్లు కొంగులో కట్టుకుని వచ్చింది. కొన్నాళ్లకు చెట్టు కొట్టేశారు. డంపర్లు వచ్చాయి. బండ వద్దన్న మనిషి మీద కొండంత బండ పడింది. బస్సులో అటు పోతే అవ్వ ముఖం తిప్పుకునేది. ఒక్కసారి మాత్రం ఆ గుట్ట వంకే చూస్తూ, ఆయనకు ఊపిరాడుతదా బిడ్డా, అని అడిగింది. బస్సు నిండా మనుషులున్నా ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ గింజల్లో ఒకటి మా వాకిట్లో పాత ప్లాస్టిక్ బకెట్‌లో మొలిచింది. అది అవ్వ తన కోసం పెంచుకుంటోందనుకున్నాను. రాష్ట్రం వచ్చిన ఏడాదే అవ్వ మంచం పట్టింది. మందమర్రి దగ్గర మేనమామ చెల్కలో జాగ అడిగి వచ్చి, నీ మీద ఈ మొక్కే పెడతానని చెప్పాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"నన్ను మన్నుల పెట్టకు బిడ్డా. మన్నునే ఎత్తుకపోతరు. కాలబెట్టి గోదావరిల కలుపు."

మా ఇళ్లలో అంతవరకు ఎవరినీ కాల్చలేదు. పెదబాపు మళ్లీ కస్సుమన్నాడు. ఈసారి అడ్డం నిలబడింది నేను. నూలు చీర కట్టి అవ్వను నిప్పుకు అప్పజెప్పాను.

వేప మొక్క ఇంకా ఆ బకెట్‌లోనే ఉంది. వేళ్లు అడుగు పగులగొట్టుకుని బయటికొచ్చాయి. దాన్ని ఎవరి మీద నాటాలో నాకు తెలియడం లేదు.