ఆరో మెట్టుకు పోయిన ఇంజన్

రెండువేల పది ఇంకా రాని రోజులవి. మద్రాసులో విదేశీ కార్లు బాగుచేసే వర్క్‌షాపులో కొన్నేళ్లు పనిచేసి, తిరుపతికి తిరిగొచ్చి రేణిగుంట రోడ్డులో సొంతంగా షెడ్డు వేసుకున్నాను. ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి కారులోని కంప్యూటర్‌ను చదవగలిగేవాళ్లు అప్పట్లో మావైపు తక్కువ. అందుకే తిరుపతిలో చీరల కొట్టున్న ఒక వ్యాపారి పాత స్పోర్ట్స్ కారు కొనబోతూ నన్ను వెంటబెట్టుకుని పూతలపట్టు దగ్గరున్న ఒక మామిడికాయల మండీకి తీసుకెళ్లాడు.

మేం వెళ్లేసరికి కారు ఇంకా రాలేదు. మండీ ఆసామి కుర్చీలు వేయించాడు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, మాటకు ముందు దగ్గు. ఆ కారు కొడుకు ముచ్చటపడితే కొన్నానని, ఇక వద్దనుకుంటున్నానని చెప్పాడు. కాసేపటికి ఎర్రకారు దుమ్ము లేపుకుంటూ వచ్చి తోతాపురి కాయల రాశి పక్కన ఆగింది. స్టీరింగు ముందునుంచి ఆసామి కొడుకు దిగాడు. దాని వెనకే జీపులో వాళ్ల డ్రైవరు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, మాకు దండం పెట్టి పక్కన నిలబడ్డాడు.

నేను తీగ తగిలించి చదవడం మొదలుపెట్టాను. అలాంటి కార్లలో ఇంజన్ తిరగకూడనంత వేగంగా తిరిగిన ప్రతిసారీ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఎంత మితిమీరిందో దాన్నిబట్టి ఆరు మెట్లు. కింది మెట్లకు భయపడనక్కర్లేదు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా వస్తాయి, ఇంజన్ తనంతట తానే ఇంధనం ఆపి నిలదొక్కుకుంటుంది. పై మెట్లు అలా రావు. మంచి వేగంలో నాలుగో గేరునుంచి ఐదుకు పోబోయి పొరపాటున మూడులో పడేస్తే, చక్రాలే ఇంజన్ మెడపట్టి తిప్పుతాయి. అప్పుడు దాన్ని ఏ కంప్యూటరూ ఆపలేదు. లోపల వాల్వులు వంగవచ్చు, రాడ్లు విరగవచ్చు. ఈ కారు ఆరో మెట్టు దాకా పోయింది.

వ్యాపారికి నెమ్మదిగా ఇదంతా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, తనకొద్దని లేచాడు. ఆసామి ముఖం నల్లబడింది. బేరం పోయినందుకంటే, పదిమంది హమాలీల ముందు తన సొత్తు కుళ్లుదని తేలినందుకు అనుకుంటాను.

"ఎవురు తోలినారు దీన్ని ఇట్లా?" అన్నాడు.

కొడుకు తడుముకోలేదు. "నాకేం తెలుసు నాయనా. పెట్రోలు పట్టీదానికి రోజూ తీసకపొయ్యేది ఆయనే గదా," అని డ్రైవరు వైపు చూశాడు.

పక్కన ఒక లారీకి టైరు మారుస్తున్నారు. ఆసామి నేలమీదున్న వీల్ స్పానర్ తీసుకుని, ఏమీ అడగకుండా డ్రైవరు భుజంమీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. డ్రైవరు మోకాళ్లమీద కూలబడ్డాడు. రెండో దెబ్బ అదే చోట పడింది. నేను కాదని ఆయన ఒక్కమాటా అనలేదు. హమాలీలు గంపలు దించి నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. చీరల వ్యాపారి గబగబా తన కారెక్కి వెళ్లిపోయాడు, నన్ను కూడా మర్చిపోయి.

ఎటు చూడాలో తెలియక ల్యాప్‌టాప్ తెరవైపు చూశాను. ఒక్కో మెట్టు పక్కన ఇంకో అంకె ఉంటుంది. కారు పుట్టినప్పటినుంచి ఇంజన్ ఎన్ని గంటలు తిరిగాక ఆ దెబ్బ తగిలిందో చెప్పే అంకె. దాన్ని ఇప్పటివరకూ తిరిగిన మొత్తం గంటలతో పోల్చాను. రెండింటికీ తేడా లేదు.

"పెద్దాయనా, ఆపు," అన్నాను. "అది ఎప్పుడో జరిగింది కాదు. ఈ పొద్దే, ఈడికి వచ్చేటప్పుడు దావలోనే జరిగింది. కారు తోలుకోనొచ్చింది మీ అబ్బాయి. ఈ డ్రైవరు జీపులో వచ్చినాడు."

మాట పూర్తికాకముందే కొడుకు ల్యాప్‌టాప్ లాక్కుని నా ముఖంమీద కొట్టాడు. ముక్కు పగిలి రక్తం నోట్లోకి వచ్చింది. ఇంకోసారి ఎత్తాడు. ఆ చెయ్యి నామీద పడలేదు. స్పానర్ అతని మోచేతిమీద పడింది.

"నాసేత వాణ్ణి కొట్టిస్తావా," అన్నాడు ఆసామి. గొంతు పెంచలేదు. "ముప్పై ఏండ్లు నా ఉప్పు తిన్నోణ్ణి నాసేత కొట్టిస్తావా."

ఆ తర్వాత ఆయన ఆగలేదు. కొడుకు కాయల రాశిమీద వెల్లకిలా పడ్డాడు. చితికిన పండ్ల గుజ్జులో కాళ్లు జారి లేవలేకపోయాడు. చెవిమీద దెబ్బ పడింది, ఆ పక్కంతా ఎర్రబడింది. చేతులు అడ్డం పెడితే చేతులమీద కొట్టాడు. అడ్డం పోదామని రెండడుగులు వేసి, ఆయన కళ్లు చూసి ఆగిపోయాను. నిజం చెప్పి ఒకణ్ణి కాపాడాననుకున్నాను, ఇప్పుడు ఇంకొకడు నా కళ్లముందే చచ్చిపోతున్నాడు.

లేచింది డ్రైవరు. వేలాడుతున్న చేతిని రెండోచేత్తో పట్టుకుని వెళ్లి, కొడుకుమీద బోర్లా పడ్డాడు. ఒక దెబ్బ ఆయన వీపుమీద కూడా పడింది.

"సాలు. సచ్చిపోతాడు," అన్నాడు.

ఆసామి స్పానర్ వదిలేసి కాయలమీదే కూర్చున్నాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

హమాలీలు ఇద్దర్నీ జీపులోకి ఎత్తారు. తోలేవాడు లేక నేనే తోలాను, ముక్కుకు తువాలు కట్టుకుని. వెనక డ్రైవరు ఒడిలో ఆ కుర్రవాడి తల. వాంతి చేసుకుంటూ నాయనా నాయనా అంటున్నాడు. తిరుపతి ఆస్పత్రిలో కానిస్టేబుల్ అడిగితే, లారీలోంచి కాయల పెట్టెలు మీద పడినాయని డ్రైవరు చెప్పాడు. అప్పటికే ఆసామి తరఫున ఎవరో స్టేషనుకు ఫోను చేసినట్టున్నారు, కానిస్టేబుల్ నావైపు చూశాడు గానీ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

కారు ఇంజన్ విప్పితే వాల్వులు వంగి ఉన్నాయట. విడిభాగాలకింద మద్రాసు పోయింది. డ్రైవరు చెయ్యి మళ్లీ గేరు మార్చేంత పైకి లేవలేదు. కొడుక్కు ఒక చెవి వినిపించకుండా పోయింది.

వానాకాలంలో ఆ కొడుకు నా షెడ్డుకు వచ్చాడు. డ్రైవరు ఇంటికి ఒక్కడే పోవడానికి ధైర్యం చాలక నన్ను తోడు రమ్మన్నాడు. నా ముక్కు అప్పటికీ వంకరగానే ఉంది. అయినా బండి తీశాను.

గడపలో మమ్మల్ని చూడగానే డ్రైవరు భార్య చేతిలోని ఇత్తడి చెంబు విసిరింది. కొడుకు నుదురు చిట్లింది. ఆమె దగ్గరకొచ్చి చెంపమీద కొట్టింది, మళ్లీ కొట్టింది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచంమీదున్న డ్రైవరు ఆమెను ఆపలేదు. ఆమె అలిసి తనంతట తానే ఆగాక మాట్లాడాడు.

"మీ నాయన్ని సూసుకోపో. నాకాడికి ఇంగ రాబాక."

తిరిగొచ్చేటప్పుడు అతను బండి వెనక కూర్చుని నా భుజంమీద చెయ్యి వేశాడు. నేను తీసెయ్యమనలేదు.