మధ్యాహ్నం పూట మాత్రమే ఎగిరే పక్షి

అడవిలో లేని పక్షిని కనిపెట్టి, దానికి పందొమ్మిది రోజులు హాజరు వేసి, చివరికి దానికి పిల్లల్ని కూడా పుట్టించిన లెక్కల టీచరు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే. ఆ ఘోరం ఎలా జరిగిందో రోజుల వారీగా రాసిపెట్టుకున్నాను కాబట్టి ఒక్క ముక్క కూడా అబద్ధమని ఎవరూ అనలేరు. చిన్నతనం అనుకోండి. అప్పటికి నాకు అరవై మూడేళ్లే.

రిటైరయ్యాక ములకలపల్లిలోనే ఉండిపోయాను. తప్పులు దిద్దే పని పోయి చేతులు ఊరుకోక, కెమెరా కొందామని ఖమ్మం వెళ్లాను. షాపాయన నా జుట్టు తెలుపు చూసి చిన్న లెన్స్ ఒకటి ముందు పెట్టాడు.

"మీకు ఇది చాలు మేడమ్. ఇంట్ల ఫంక్షన్లు తీసుకోవచ్చు."

"నేను తీసేది పిట్టలను."

"గట్లయితే పెద్దది కావాలె. కానీ బరువు మేడమ్."

"ఎంత బరువు?"

ఆయనకు తెలియదు. పెట్టె మీద చూసి నేనే చెప్పాను. మా పెరటి గుమ్మం నుంచి తాటిచెట్టు ముప్పై రెండు అడుగులు. అడుగులు వేసి కొలిచే బయలుదేరాను. అంత దూరంలో వాలిన పాలపిట్ట చిన్న లెన్సులో ఆవగింజంత, మూడు వందల మిల్లీమీటర్ల లెన్సులో పాలపిట్టంత. ఆరు వందలది ఇంకా దగ్గరికి తెస్తుంది గానీ దాన్ని నేను మోస్తే నన్నెవరో మోయాలి. అందుకని చిన్నదీ మూడు వందలదీ తెచ్చుకున్నాను. ఆ ఎంపికలో ఈనాటికీ తప్పు లేదు. తప్పంతా వాటిని మార్చిన చోట ఉంది.

ఒక శుక్రవారం పొలం గట్టు మీద నిలబడి లెన్స్ మార్చాను. పక్కనుంచి ట్రాక్టరు పోయింది. దుమ్ము లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. కెమెరాకు రెప్పలు లేవన్న సంగతి తట్టలేదు. ఆ మధ్యాహ్నం తీసిన ఫోటోలో, నీలాకాశంలో కుడివైపు పైన, నల్లగా ఒక పక్షి.

కెమెరాలో కన్ను పెట్టి చూస్తే లేదు. ఫోటో తీస్తే ఉంది. అంటే కంటికి చిక్కనంత వేగం. పొద్దున లేదు, సాయంత్రం లేదు, ఎండ మండే వేళ మాత్రమే వస్తుంది. చెట్ల మీద వాలదు, ఆకాశం వదలదు. పందొమ్మిది రోజుల్లో నలభై మూడు ఫోటోలు. లాప్‌టాప్ తెర మీద స్కేలు పెట్టి కొలిచాను. పై అంచు నుంచి నాలుగు సెంటీమీటర్లు, కుడి అంచు నుంచి ఏడు. నలభై మూడింటిలోనూ అంతే. మీరైతే అక్కడే అనుమానించేవారు. నేను మురిసిపోయాను. ముప్పై నాలుగేళ్లు క్రమశిక్షణ కోసం గొంతు చించుకున్నదాన్ని. చెప్పిన చోట చెప్పినట్టు నిలబడే ప్రాణి మొదటిసారి దొరికింది.

ముత్తమ్మకు చూపించాను. ముత్తమ్మ అడవి అంచు గూడెంలో ఉంటుంది, నా ఈడుదే. తునికాకుకు, ఇప్పపువ్వుకు తిరిగి తిరిగి, కూత వింటే చాలు ఏ పిట్టో చెబుతుంది. నాకు పిట్టల పేర్లు నేర్పిన గురువు ఆమే. ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిది పిట్ట కాదు టీచరమ్మా."

"మరి ఏంది?"

"ఏందో నాకెట్ల తెలుస్తది? పిట్ట మాత్రం కాదు. రెక్క లేదు, తోక లేదు, కూత లేదు."

"ఎత్తుల ఉన్నది ముత్తమ్మా. అంత ఎత్తుల తోక ఎట్ల కనబడతది?"

"ఎత్తుల ఉంటే గద్దకు కనబడది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నేను పట్టిన పక్షికి అసలు కాళ్లే లేవు, అయినా పట్టు వదల్లేదు. లెన్స్ మురికేమోనని మెత్తటి గుడ్డతో తుడిచాను. పక్షి ఉంది. లెన్సే మార్చి చూశాను. అప్పుడూ ఉంది. "రెండు లెన్సులు సాక్ష్యం" అని నోట్‌బుక్కులో ఎర్ర ఇంకుతో గీత గీశాను.

ఇంతవరకూ నా ఇంట్లో నవ్వులాట. మంగళవారం నాడు అటవీశాఖ ఆఫీసరు వచ్చాడు. వచ్చే ఆదివారం పక్షుల లెక్కింపు, బయటి నుంచి ఇరవై మంది వస్తున్నారు, ఒక బ్యాచ్‌ను అడవిలోకి తీసుకుపోయే మనిషి కావాలి. ముత్తమ్మ పేరు చెప్పింది నేనే. పుట్టి అరవై ఏళ్లు దాటినా ఆమెకు తెలిసిన దాన్ని 'చెప్పు' అని ఏ ఆఫీసూ అడగలేదు. ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

నేను ఊరుకోవచ్చు కదా. నోట్‌బుక్కు తెరిచాను. ఆఫీసరు ఫోటోలు చూసి, కొలతలు చూసి, లేచి నిలబడ్డాడు.

"ఇది మన లిస్టులోనే లేదు మేడమ్." ముత్తమ్మ వైపు తిరిగాడు. "దీన్ని మీవాళ్లు ఏమంటరు?"

"ఏమనం సారూ. గసొంటి పిట్ట లేదు."

"నలభై మూడు ఫోటోలు ఉన్నయి కదమ్మా."

"ఉంటే ఉన్నయి. పిట్ట లేదు."

ఆఫీసరు నాతో నెమ్మదిగా అన్నాడు. "కండ్ల ముందటి పక్షినే గుర్తు పట్టకపోతే ఎట్ల మేడమ్? మణుగూరు దిక్కు నుంచి వేరే మనిషిని పిలుస్తలే."

నేను ఏమీ అనలేదు. ఇది రాయడానికి నాకు ఏడేళ్లు పట్టింది కాబట్టి మళ్లీ రాస్తున్నాను: ఏమీ అనలేదు.

గేటు దగ్గర ముత్తమ్మ ఆగింది. "నాకు కోపం లేదు టీచరమ్మా. మీ డబ్బాల నలుసు పడ్డదేమో సూడున్రి."

నలుసా? నా కెమెరాలోనా? ఆమె అనుమానం తీర్చేద్దామని ఆ సాయంత్రమే లెన్స్ ఊడదీశాను. నోటితో ఊదితే తుంపర పడుతుందని మాన్యువల్లో చదివాను. చదివినదాన్ని పాటించే మనిషిని కనుక నోటితో ఊదలేదు. వేన్నీళ్ల పొయ్యి దగ్గరి ఊదుగొట్టం తెచ్చి ఊదాను.

బుధవారం మధ్యాహ్నం తొమ్మిది పక్షులు.

"పెద్దది ఒకటి, చిన్నవి ఎనిమిది. పిల్లలు లేచిన కాలం" అని రాసుకుని గూడెం దాకా నడిచి వెళ్లి చూపించాను. ముత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, చెయ్యి ఆపకుండానే చూసింది.

"నిన్న ఒక్కటే ఉండె."

"అవ్."

"రాత్రికి రాత్రే గుడ్డు పెట్టి, పొదిగి, ఎగురుడు నేర్పిందా? మా కోళ్లకు జెర చెప్పున్రి టీచరమ్మా."

ముప్పై నాలుగేళ్లలో ఎవరూ నా లెక్కను తప్పన్నది లేదు. ఆ చేట ముందు నిలబడి మొదటిసారి నాకే అనుమానం వచ్చింది.

శుక్రవారం బస్సెక్కి కొత్తగూడెంలో కెమెరాలు బాగుచేసే షాపుకు వెళ్లాను. అక్కడి ఆయన నా కథ మొత్తం విని, "పెద్దమ్మా, ఆ గోడను ఒక ఫోటో తియ్యున్రి" అన్నాడు. తెల్ల సున్నపు గోడ. తీశాను. గోడ మీద నా పక్షి, దాని ఎనిమిది మంది పిల్లలు.

"ఇవి మా షాపులకు ఎట్లొచ్చినయి?"

"తలుపు తెరిచే ఉన్నది కదా" అన్నాను. ఓటమి ఒప్పుకోవడానికి కూడా కొంచెం సమయం కావాలి.

లెన్స్ వెనక బొమ్మ పడే చిన్న పలకను సెన్సర్ అంటారు. దుమ్ము దాని మీద కూర్చుంది. లెన్స్ ఎన్ని మార్చినా పలక అదే, నలుసూ అదే. ఎండలో లెన్స్ లోపలి రంధ్రం చిన్నదై నలుసు నీడ స్పష్టంగా పడుతుంది. పొద్దునా సాయంత్రం రంధ్రం పెద్దదై నీడ చెదిరిపోతుంది. షాపు నీడలో ఆయన ఆ రంధ్రాన్ని ముందే చిన్నది చేసి నా చేతికిచ్చాడట. నా పరిశీలనల్లో ఒక్కటీ తప్పు లేదు, చూశారా. చేతిలో వెన్న పెట్టుకుని నేతికి తిరిగినట్టు, డబ్బాలో నలుసు పెట్టుకుని ఆకాశమంతా తిరిగాను, అంతే.

ఆయన కెమెరా నోరు కిందికి వంచి రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. ఎనిమిది పిల్లలూ రాలిపోయాయి. తల్లి మొండిది, గుడ్డ చుట్టిన తడి పుల్లతో తుడిస్తే గానీ వదల్లేదు. "ఎక్కడుందో వెతుకుడు తప్పింది పెద్దమ్మా, మీ కొలతల పుణ్యాన" అన్నాడు. ఫోటోలో పైన ఉన్నది పలక మీద కింద ఉంటుందట. తిప్పి లెక్క కట్టి చోటు చూపించింది నేనే.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఇరవై మందీ చేరారు. మణుగూరు మనిషి కూడా వచ్చి ఉన్నాడు. ఆఫీసరు నా పక్షి సంగతి ఎత్తబోతుంటే నేనే లేచి, నోట్‌బుక్కు తీసి, మొదటి రోజు నుంచి గోడ దాకా గట్టిగా చదివాను. ఊదుగొట్టం దగ్గరికి వచ్చేసరికి ఒకరు కూర్చుండిపోయారు నవ్వలేక. "నలభై మూడు ఫోటోలు తప్పు, ముత్తమ్మ ఒక్క మాట రైటు. ఈమె వెనక నడవండి" అని ముగించాను.

ఆఫీసరు తల గోక్కున్నాడు. "మణుగూరాయనకొక బ్యాచ్, నీకొక బ్యాచ్ ఇస్త. నువ్వు ముందు నడువు ముత్తమ్మా."

ముత్తమ్మ అందరినీ ఒకసారి చూసింది. "టీచరమ్మ అబద్ధమాడలే. పిట్టను సూసింది నిజమే. గాని ఆ పిట్ట తినేది దుమ్ము, ఉండేది డబ్బాల." తర్వాత నాకేసి, "రాన్రి, లెక్క రాసుడు మీదే. ఫోటోలు మాత్రం వద్దు."

ఆ రోజు ఆమె బ్యాచ్ లెక్క నలభై ఒక్క రకాల పిట్టలు, అన్నిటికన్నా ఎక్కువ. రాసింది నేను. కొట్టివేతలు లేవు.

కనుక పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ట్రాక్టరు వచ్చే దారిలో లెన్స్ మార్చను. మార్చక తప్పకపోతే కెమెరా నోరు కిందికే వంచుతాను. ఊదుగొట్టాన్ని పొయ్యి దాటనివ్వను. ముత్తమ్మ లేదన్న పక్షిని ఉందని అనను. నిజంగానే ఎవరూ చూడని పక్షి ఒకటి వచ్చి నా కెమెరా మీదే వాలినా సరే, ముందు ఒకసారి తుడిచి చూస్తాను.