ఉప్పు సరిపోయిందా, టీచరమ్మా

కిందటి కార్తీకంలో ఒక బుధవారం, మూడో పీరియడ్ మధ్యలో మామ్మగారి కోడలు ఫోన్ చేసింది. క్లాసులో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. కానీ ఆ ఇంట్లో పదకొండు గంటలప్పుడు ఎవరికీ ఊపిరి సలపదు, ఫోన్ చేసే తీరిక అసలే ఉండదు. అందుకే వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

"అత్తయ్యగారు ఇందాకే వెళ్ళిపోయారండి. తోటకూర కోసి పెట్టి, కాస్త నడుం వాలుస్తానన్నారండి. పప్పు దించి వెళ్ళి లేపితే పలకలేదండి," అంది.

అప్పుడు నా నోట వచ్చిన మాట చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది. అయ్యో అనలేదు, ఎలా జరిగిందని అడగలేదు. "పొద్దున్న పులుసులో ఉప్పు తక్కువైందన్నాను, మళ్ళీ వేశారా?" అని అడిగాను. "వేశారండి," అంది కోడలు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మామ్మగారు నాకు బంధువు కారు. ధవళేశ్వరంలో మా ఇంటికి ఎదురుగా, వీధి చివర కాలువ గట్టు వైపు, ఆవిడ కర్రీ పాయింట్ ఉంది. బోర్డు మీద ఏదో పేరు ఉంది గాని ఆ పేరు పలికినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ అది మామ్మగారి కొట్టే. ముందు గదిలో కూరల గిన్నెలు, రెండు బల్లలు, వెనక వంటిల్లు. పొద్దున్న రాజమండ్రి బస్సు ఎక్కేవాళ్ళు క్యారేజీలు నింపుకుని పోతారు. మధ్యాహ్నం ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాలు వచ్చి పొట్లాలు కట్టించుకుంటారు.

మా వీధిలో కాలం మారిందని మాకు చెప్పేది ఆ కొట్టే. కాలువలకు నీళ్ళు కట్టేసి ఎండలు ముదిరాయంటే మామిడికాయ పప్పు, మజ్జిగపులుసు. చింతచిగురు పప్పు ఏడాది మొత్తం మీద పది పన్నెండు రోజులు. ఆ రోజుల్లో ఊరెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి ఇంట్లోవాళ్ళతో తగువు పెట్టుకోవడం నేను చూశాను. ముసురు పట్టిన రోజు ఉలవచారు, దాని మీద వెన్న. చలి మొదలయ్యాక కందాబచ్చలి కూర, ఆవ నూరి పెట్టింది. తక్కిన కొట్లన్నీ మూసి ఉండే పండగ రోజుల్లో ఆవిడ తప్పకుండా తెరిచేవారు. "పండగ పూట వండి పెట్టే మనిషి లేనివాళ్ళు ఎక్కడికి పోతారమ్మా," అనేవారు. ఉగాదినాడు ఆ రెండు బల్లల మీద అద్దె గదుల ఉద్యోగస్తులు, రిటైరైన ఒంటి మనుషులు ఆకులు వేసుకుని కూర్చుంటే, ఒక్కొక్కరికీ తానే పచ్చడి వడ్డించేవారు. కొసరి వడ్డించడంలో ఆవిడకు దయాదాక్షిణ్యాలు లేవు.

మాది లూథరన్ కుటుంబం. అయినా మా చర్చిలో క్రిస్మస్ భోజనానికి పులిహోర, గారెలు మామ్మగారి కొట్టు నుంచే రావాలి. కోడికూర మా మగవాళ్ళు చర్చి వెనక వండుకునేవారు. పులిహోర కలిపే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు.

కరోనా తగ్గిన ఏడాది ఆవిడ ఒక కొత్త అలవాటు మొదలుపెట్టారు. పొద్దున్న ఆరున్నరకు నేను వాకిట్లో ముగ్గులాంటిదేదో గీస్తుంటే, "టీచరమ్మా, ఇలా రా," అని పిలిచేవారు. గుమ్మం దగ్గర నిలబడితే అరచేతిలో చెంచాడు కూర వేసేవారు. "ఎలా ఉందమ్మా?" "చాలా బాగుందండి మామ్మగారూ." "ఉప్పు సరిపోయిందా?" "సరిగ్గా సరిపోయిందండి." రెండేళ్ళు రోజూ ఇవే నాలుగు మాటలు. ఇంతమందిలో నన్ను పిలిచి పెడుతున్నారని నేను పొంగిపోయాను. మా ఆయన దగ్గర గొప్పలు కూడా చెప్పాను.

నిజానికి అన్ని రోజులూ సరిపోలేదు. ఒకరోజు పులుసులో ఉప్పే లేదు. ఇంకోరోజు వంకాయ కూరలో కారం రెండుసార్లు పడింది. కానీ పిలిచి చేతిలో పెట్టిన పెద్దావిడతో ఎలా చెప్తాం? మా గోదావరి జిల్లాల వాళ్ళం పెళ్ళి భోజనంలో పంటికి రాయి తగిలితే, దాన్ని బుగ్గన దాచుకుని పప్పు అమోఘమండీ అంటాం. నాకు ఆ మొహమాటం మోతాదు మరీ ఎక్కువ.

అలా రెండేళ్ళు గడిచాక వచ్చిన క్రిస్మస్ పొద్దున్న కూడా అదే జరిగింది. కొత్త చీర కట్టుకుని చర్చికి పరుగెడుతుంటే ఆవిడ పులిహోర పెట్టారు. అన్నంలో ఒకసారి, చింతపండు గుజ్జులో ఒకసారి, ఉప్పు రెండుసార్లు పడిందని నోట్లో పెట్టుకోగానే తెలిసింది. "చాలా బాగుందండి," అని వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం హాల్లో నూటయాభై మందిమి వరసల్లో కూర్చున్నాం. పండగపూట వడ్డన చూడటానికి మామ్మగారు కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. పులిహోర నోట్లో పెట్టుకున్న ప్రతివాళ్ళూ ఒక్క క్షణం ఆగారు, తర్వాత మింగారు. ఆవిడ పక్కనుంచి వెళ్ళిన ప్రతివాళ్ళూ "బాగుందండి మామ్మగారూ," అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పలేదు. మా పాస్టరుగారైతే రెండోసారి వడ్డించుకున్నారు, పాపం. మంచినీళ్ళ డబ్బాలు భోజనాలు సగంలో ఉండగానే ఖాళీ అయిపోయి, ఇంకో ఆరు తెప్పించాల్సి వచ్చింది. ఆవిడ ఎవరి మొహమూ చూడలేదు. ఆ నీళ్ళ డబ్బాలనే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్న ఆవిడే మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వు రుచి చూశావు కదమ్మా," అన్నారు.

నేను తలదించుకున్నాను. అప్పుడు చెప్పారు. కరోనాలో పోయిన రుచీ వాసనా ఆవిడకు తిరిగి రాలేదట. పచ్చిమిరపకాయ నమిలినా మంట తెలుస్తుంది గాని రుచి తెలియదట. ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ లేదట. ఈ సంగతి కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు. కొడుకు రావులపాలెం అరటిమార్కెట్లో పనికి రోజూ వెళ్ళి వస్తాడు. ఈ వయసులో పొయ్యి దగ్గర నీకెందుకమ్మా, కొట్టు మూసేద్దామని ఎప్పటినుంచో పోరుతున్నాడు. తెలిస్తే ఆ రోజే తాళం వేసేస్తాడు.

"కొట్టు లేకపోతే నేను పొద్దున్నే ఎందుకు లేవాలో నాకు తెలీదమ్మా. రెండేళ్ళ నుంచి నీ నోటితో వండుతున్నాను. నువ్వేమో బాగుంది బాగుంది అని నన్ను ముంచావు," అన్నారు. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. ఇంక మీతో ఎప్పుడూ అబద్ధం చెప్పనండి అని ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"బాగుంది అన్నది రుచి కాదమ్మా, మర్యాద. నాకు మర్యాద వద్దు, రుచి చెప్పు," అన్నారు.

మర్నాటి నుంచి గుమ్మం దగ్గర కాదు, వంటింట్లోకే రమ్మన్నారు. అన్నేళ్ళలో నేను ఆ గడప దాటింది లేదు. ఎవరూ వద్దనలేదు, నేనూ అడగలేదు, అంతే. పొయ్యి పక్కన ఒక పీట వేసి, నాకు వంట నేర్పుతున్నానని కోడలితో అన్నారు. వండినవన్నీ ముందు చిన్న ఆకులో దేవుడి పటం దగ్గర పెట్టేవారు. ఆ తర్వాత చెంచా నా చేతికిచ్చేవారు. "దేవుడైతే ఏమీ చెప్పడు. నువ్వు చెప్పు," అనేవారు నవ్వుతూ.

అప్పుడు చూశాను ఆవిడ వంట. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తాలింపులో మెంతులు వేగాయా మాడాయా అన్నది చెవితో తెలుసుకునేవారు. పులుసు చిక్కదనం గరిట మీదనుంచి జారే తీరులో చూసేవారు. ఉప్పు వేశాక వంకాయ ముక్క ఎంతసేపటికి నీరు వదిలిందో చూసి, "కాస్త ఎక్కువ పడిందా?" అని నన్నే అడిగేవారు. పడింది. ఎలా తెలిసిందండీ అంటే, "ముక్క చెప్తుంది," అనేవారు. ఒక మనిషి రెండు ఇంద్రియాలు పోగొట్టుకుని, మిగిలిన మూడింటితో వీధి మొత్తానికి అన్నం పెడుతోంది. నేను పిల్లలకు పాఠాలు చెప్తాను. నేర్చుకోవడం అంటే ఏమిటో ఆ పీట మీద కూర్చున్నాకే చూశాను.

నాకూ చదువు చెప్పారు. ఉప్పు తక్కువ అంటే ఒప్పుకునేవారు కాదు. మొదట తెలిసిందా, మింగాక తెలిసిందా? పులుపు నాలుక చివర ఆగిందా, దవడల దాకా వెళ్ళిందా? ఆవ ఘాటు ముక్కుకి తగిలిందా, గొంతులో చేదు మిగిలిందా? ఆవ దగ్గర ఆవిడ మరీ పట్టుదల మనిషి. కూర దించి, బాగా చల్లారాక కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. "అది పొయ్యిని ఓర్చుకోదమ్మా," అనేవారు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో శుక్రవారాలు నేను సాయంత్రం దాకా ఉపవాసం. మొదటి శుక్రవారం భయపడుతూనే చెప్పాను. ఆవిడ చెంచా పక్కన పెట్టేసి, "ఆ రోజు కందిపచ్చడీ చారే పెడతాలే. వాటికి నా చెయ్యి చాలు," అన్నారు. ఆ నలభై రోజుల్లో వచ్చిన శుక్రవారాలన్నీ మా వీధి కందిపచ్చడితో అన్నం తిన్నది. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఇలా దాదాపు మూడేళ్ళు. నేను నిజం చెప్పాను, ఆవిడ వండారు, కొట్టుకు మాట రాలేదు. ఈ సంగతి ఇప్పుడు కోడలితో చెప్పి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.

పన్నెండోరోజు భోజనాలకు వంటవాళ్ళను పిలుద్దామని కొడుకు అన్నాడట. కోడలు ఒప్పుకోలేదు, తానే వండింది. నేను వెళ్ళేసరికి చెమటలు కక్కుతూ బయటికి వచ్చి, నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "కొట్టు నేను నడుపుతానని ఆయనతో అన్నానండి. నీ చేతి వంట జనం తింటారా అన్నారండి. ఇవాళ భోజనాలయ్యాక ఏ సంగతీ తేలుస్తానన్నారు," అంది.

మొదటి బంతిలో కూర్చున్నాను. కందాబచ్చలి వడ్డించారు. నోట్లో పెట్టుకోగానే తెలిసింది. ఆవ వేడి మీద కలిపేసింది, చేదు గొంతు దాకా దిగింది. నా చుట్టూ అందరూ తింటున్నారు. కర్మ భోజనంలో వంటకు వంక పెట్టరు, పెట్టకూడదు కూడా. కొడుకు మంచినీళ్ళ జగ్గు పట్టుకుని వరస పొడుగునా నడుస్తూ ప్రతివాళ్ళనూ అడుగుతున్నాడు. అందరూ బాగుందనే చెప్తున్నారు. అతని వెనకే కోడలు కూర గిన్నెతో వస్తోంది, మొహం కాస్త తేటపడింది.

నా ముందుకు వచ్చి ఆగింది. "టీచరుగారూ, ఎలా ఉందండి?"

బాగుంది అంటే ఆమెకు కొట్టు దక్కుతుంది. చేదు అంటే దక్కుతుందో లేదో తెలియదు. చెమటకు ఆమె బొట్టు చెరిగిపోయి ఉంది. అయినా మామ్మగారి ఇంట్లో, మామ్మగారి పేరు మీద వడ్డించిన ఆకు ముందు కూర్చుని ఆ మాట అనలేకపోయాను.

"చేదుగా ఉందమ్మా," అన్నాను. "ఆవ వేడి మీద కలిపేశావు."

బంతి మొత్తం చేతులు ఆపింది. మా ఆయన మోచేత్తో పొడిచారు. కొడుకు జగ్గుతో అలాగే నిలబడిపోయాడు. కోడలు నా వంకే చూసింది. గిన్నె కింద పెట్టి, నా ఆకు ముందు గొంతుక్కూర్చుంది. నేను తిని వదిలిన కూరలోంచి వేలితో ఇంత తీసి, అంతమంది చూస్తుండగా నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మింగింది.

"అవునండి, మింగాక తెలుస్తోంది," అంది.

లేచి, వరసలో అందరి వైపూ తిరిగి, "కాస్త ఆగండి. రెండో బంతికి ఉంచిన కూరలో ఇంకా ఆవ కలపలేదు, అది చల్లారే ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి రోట్లో ఆవాలు నూరుతున్న చప్పుడు వినిపించింది. ఎవరూ ఆకు మడవలేదు. కొడుకు జగ్గు కింద పెట్టి, మా వరస చివర ఖాళీగా ఉన్న ఆకు ముందు తనూ కూర్చున్నాడు.