యాపిల్ కర్ర భరిణె

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో నూకరాజు మంచం కిందకి వంగి చూస్తే దేశంలోని అడవులన్నీ తలో ముక్కా పంపినట్టుంటుంది. కేరళ టేకు, అండమాన్ పడౌకు, డార్జిలింగ్ చంపకం, ఒడియా పల్లెలో దొరికిన పనస. ఒక్కో ముక్క మీద పెన్సిల్‌తో ఊరి పేరు, తెచ్చిన ఏడాది ఉంటాయి. వర్క్‌షాపులో ఆయన ముప్ఫై రెండేళ్లుగా ఇనుము తిప్పే టర్నరు. కర్ర తిప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు. పాత మోటారుతో వెనక వరండాలో కర్రని గిర్రున తిప్పి చెక్కే లేతు తనే కట్టుకున్నాడు, అరిగిన ఆకురాళ్లను సానబట్టి ఉలులు చేసుకున్నాడు, పాడుచేసిన ముక్కల దగ్గరే పాఠం నేర్చుకున్నాడు. ఏడాదికోసారి పాసు మీద సెలవుకి వెళ్తే మిగతావాళ్లు గుళ్లూ సముద్రాలూ చూసొస్తారు. ఆయన కోత మిల్లులు చూసొస్తాడు.

"సిమ్లా ఎల్లినోల్లు సాలువలు తెస్తారు. మేం పొయ్యిలోకి కర్రలు తెచ్చుకున్నాం" అని ఆయన భార్య జోగమ్మ సిమ్లా నుంచి వచ్చిన ఏడాది వరసలో ఉన్న అన్ని క్వార్టర్లకీ చెప్పింది.

ఆ కర్రలు యాపిల్ చెట్టువి. సిమ్లా దాటి మూడు గంటల బస్సు ప్రయాణం తర్వాత ఒక తోటలో వాళ్లు గది తీసుకున్నారు. మొదటి పొద్దున నూకరాజు తలుపు తీసేసరికి మబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. అందులోకి నడుచుకుంటూ పోతే చెట్లు ఒకదాని తర్వాత ఒకటి బయటికొచ్చి, ఈయన్ని చూసి మళ్లీ లోపలికి పోతున్నట్టు అనిపించింది. తోట చివర ఒక చెట్టు పడి ఉంది. పోయిన చలికాలం మంచు బరువుకి కూలిపోయిందట. బెరడు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఖరగ్‌పూర్‌లో యాపిల్ పండు తినని వాళ్లు లేరు గాని, ఆ చెట్టుని ముట్టుకున్నవాడు తనొక్కడే అయ్యుంటాడనుకున్నాడు.

తోట ఆసామి ఒక ముసలావిడ. ఆ చెట్టు ఆవిడ పెనిమిటి నాటింది. ఆయన పోయాడు, చెట్టూ పోయింది, ఇక చలి మొదలవగానే పొయ్యిలోకే అని హిందీలో మామూలుగా చెప్పింది. నూకరాజు రెండు ముక్కలు అడిగాడు. రంపం దిగుతుంటే తియ్యటి వాసనొకటి లేచి మబ్బులో కలిసింది. ఆవిడ ఆ వాసనకి రెండడుగులు దగ్గరికొచ్చింది. రెండు ముక్కలూ తీసుకుపొమ్మంది, ఒక్క షరతు మీద. వాటితో చేసిన వస్తువొకటి తన చేతికి తిరిగి రావాలి. చిన్నదైనా చాలు, గుప్పిట్లో పట్టాలి. నూకరాజు మాటిచ్చాడు.

తలగడ గలీబులో పెట్టుకుని తెచ్చిన ఆ రెండు ముక్కల్లో మొదటిదాన్ని వచ్చిన వారానికే లేతు మీదకి ఎక్కించాడు. మూత ఉన్న భరిణె చెయ్యాలని రైల్లోనే తీర్మానించుకున్నాడు. వరండాలోకి పడే సాయంకాలపు ఎండలో పొట్టు బంగారు రిబ్బన్లలా లేచి భుజాల మీద పడుతుంటే, అవతల యార్డులో వ్యాగన్లు కలుసుకునే చప్పుడు ఎక్కడో కొండల్లోంచి వస్తున్నట్టుండేది. మూతని వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచి, బుష్ గొట్టంలోకి ఇరుసు దిగినట్టు దించాడు. గాలి కూడా దూరదు. వర్క్‌షాపుకి పట్టుకెళ్తే మధ్యాహ్నం డిన్నర్ టైములో చేతులు మారి మారి తిరిగొచ్చింది. తయారైపోయిందని ఆవిడకి ఫోన్ కూడా చేసేశాడు.

నాలుగోరోజు పార్సిల్ కట్టబోతే మూత దిగలేదు. వెర్నియర్ పెట్టి చూస్తే గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది. నొక్కితే పక్కన సన్నటి చీలిక కనబడింది.

"ముప్పై రెండేల్లు తిప్పినాను. ఇనుము ఒక్కనాడు ఇలా సేసిందా?" అన్నాడు.

"అది సచ్చిన సరుకు. ఇది నిన్నమొన్నటిదాకా నీల్లు తాగిన సెట్టు" అంది జోగమ్మ, చేస్తున్న పని ఆపకుండానే.

కొలతలో తప్పు లేదు. ఆరని కర్రని ఇనుములా ఒకే ఊపులో ఆఖరి కొలతకి తెచ్చెయ్యడమే తప్పు. తోట ముసలావిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. మిగతా చెట్టంతా పొయ్యిలోకి పోతోంది, రెండో ముక్క ఉందా అని మాత్రం అడిగిందావిడ. ఉందన్నాడు. 

రెండో ముక్కని భరిణె ఆకారానికి మొరటుగా తిప్పి, గోడలు వేలెడు మందం ఉంచి, నెమ్మదిగా ఆరేట్టు కొనలకి మైనం రాసి ఆపేశాడు. ఆపడం ఆయన చేతికి కొత్త. ప్రతి ఆదివారం దాన్ని తువ్వాల్లో చుట్టి ఖరిదా బజారులో వాసుదేవ్ కిరాణా కొట్టుకి తీసుకెళ్లేవాడు. బియ్యం తూచే కాటా మీద అది ఎక్కేది. బరువు తగ్గుతున్నంతకాలం లోపల నీళ్లున్నట్టు.

"పిల్లాడు ఈ వారం ఎంత తగ్గాడు బాబాయ్?" అని వాసుదేవ్ అడిగేవాడు. కొట్టుకొచ్చిన వాళ్లు తువ్వాలు తొలగించి చూసి నవ్వేవాళ్లు. నూకరాజు అంకెని ఆ కర్ర మీదే పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఆరువందల నలభై గ్రాములు చలికాలంలో ఐదువందల పదికి వచ్చింది. మార్చి ఆఖరికి నాలుగువందల డెబ్భై. మూడు వారాలు అక్కడే నిలిచింది. ఇంక తిప్పెయ్యొచ్చు గాని చెయ్యి రాలేదు. ఉన్నది ఈ ఒక్కటే. ఇంకో వారం అనుకుంటూ ఎండలన్నీ గడిపేశాడు. మధ్యాహ్నాలు కునుకు పడితే మబ్బు వచ్చి నిమ్‌పురా సైడింగు పట్టాల మీద నిలబడేది, దాని వెనక చెట్లు నడిచేవి.

వానలు పడ్డాక ఒక ఆదివారం కాటా నాలుగువందల ఎనభై ఆరు చూపించింది. వాసుదేవ్ కిలో రాయి పెట్టి, కాటా తప్పు కాదని రుజువు చేశాడు. నూకరాజు వాన వెలిసినా గొడుగు ముయ్యడం మరిచి ఇంటికి నడిచాడు. ఇది ఖరగ్‌పూర్ గాలిని తాగుతోంది. కొండెక్కాక ఆ చలికాలపు పొడిగాలిలో తాగినదంతా తిరిగిచ్చేస్తుంది, మళ్లీ కాస్త గుడ్డవుతుంది. ఇక్కడ బిగువుగా కూర్చున్న మూత అక్కడ ఇరుక్కుపోతుంది. ఆ ముసలి వేళ్లకి ఇంక రాదు. అంటే ఇక్కడ వదులుగా చెయ్యాలి.

అనుకోవడం తేలికే. విశ్వకర్మ పూజ మర్నాడు లేతు ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి ఎదురు తిరిగింది. వదులంటే వర్క్‌షాపులో చెత్తకుప్పలోకి పోయే పని. ఎక్కడ ఆపాలో చేతికి బాగా తెలుసు. అక్కడ ఆగిపోయింది. కళ్లు మూసుకుని ఇంకో సన్నటి పొర తీశాడు. ఆలోచించి మరొకటి తీశాడు. మూత పెట్టి ఊపితే గలగలలాడింది. ఈ భరిణెని ఎవరికీ చూపించలేదు. జోగమ్మ ఒక్కతే ఊపి చూసి, ఉన్నచోటే పెట్టేసింది.

పూరీ గేట్ వైపున్న తపాలా ఆఫీసులో రాధారాణి అనే బెంగాలీ అమ్మాయి పార్సిల్ని చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో విరిగినట్టుంది, విప్పి చూసుకోమంది.

"విరగలేదు దీదీ. వదులుగా ఉండాలనే సేసినాను" అన్నాడు నూకరాజు తెలుగులోనే. తర్వాత బెంగాలీలో చెప్పాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు. 

నెల పైనే అయ్యాక ఒక సాయంత్రం తోట ముసలావిడ నుంచి ఫోన్ వచ్చింది. అందిందట. మూత తియ్యాలంటే రెండు వేళ్లతో కొంచెం తిప్పాలట, వచ్చేస్తోందట. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే నూకరాజు ఆపి, మూత పెట్టి తల్లకిందులు చేసి చూశారా అని అడిగాడు. చూశానంది. నేను వింటుండగా ఇంకొక్కసారి చెయ్యండమ్మా అని బతిమాలాడు. ఆవిడ ఫోన్ కట్ చెయ్యకుండా పక్కన పెట్టింది. నూకరాజు ఫోన్ చెవికి ఆనించి, కొండ మీది గాలి చప్పుడు వింటూ వరండాలో నిలబడ్డాడు.

పడలేదు, అంది ఆవిడ.