డేరా బొమ్మలో రాజవ్వ

మొన్న మా మనవరాలు టీవీలో ఒక మూకీ బొమ్మ పెట్టింది. పాత రీలు ముక్కలు ఎక్కడెక్కడో దొరికితే జోడించి, గీతలు తుడిచి బాగు చేశారట. ఒక పిల్ల కోసం ఇద్దరు పహిల్వాన్లు కుస్తీ పడే కథ. పిలక ముడేసిన లావుపాటాయన తొడ చరచగానే, చిన్నప్పుడు డేరాలో చూసిన బొమ్మేనని గుర్తుపట్టాను. నేను నాలుగో తరగతి దాకే చదివాను, ఇంతకు ముందు ఏదీ రాయలేదు. తప్పులుంటే ఏమనుకోకండి.

నిజాం కాలంలో, జొన్న కోతలయ్యి కళ్లాలు ఊడ్చుకున్నాక, కామారెడ్డి స్టేషన్లో దిగిన బొమ్మల పెట్టెలు ఎడ్లబండి మీద మా ఎల్లారెడ్డికి వచ్చేవి. డేరాలో ఇసుక మీద ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటే, వేయించిన పల్లీల వాసన, బీడీ పొగ, గ్యాసు నూనె కంపు అన్నీ కలిసి తలకు పట్టేవి. తెర పక్కన కట్టె పట్టుకుని ఒకాయన కథ చెప్పేవాడు. బొమ్మలోని వాళ్లకు మా ఊళ్ల వాళ్ల పేర్లే పెట్టేవాడు. అది వినడానికే జనం పోయేవాళ్లు.

ఈ కుస్తీ బొమ్మ వచ్చిన ఏడు జాతరలో మా మేనబావ మల్లయ్య, బీబీపేట శాయిలు కుస్తీ పట్టారు. ఎవరూ గెలవలేదు. మా రాజవ్వ అక్కను మల్లయ్య బావకే ఇయ్యాలని అప్పటికే మాట అయింది.

"గీ బక్కోడు మన మల్లయ్య, గా బలిసినోడు బీబీపేట శాయిలు! మరి పిల్ల పేరేంది?" అన్నాడు కథ చెప్పేటాయన, కట్టెతో తెర మీది పహిల్వాన్లను చూపిస్తూ.

"రాజవ్వ!" అని మగవాళ్లలో ఎవరో అరిచారు.

అక్క నా పక్కనే ఉంది. కొంగు మొఖానికి కప్పుకుంది.

బొమ్మలో బక్కాయన పడ్డాడు. "పాయె! మల్లయ్య వీపుకు మన్నంటె! సూడుండ్రి, రాజవ్వ శాయిలుకు దండ పట్కొస్తున్నది!" అనగానే రీలు తెగింది. అవతలి ముక్క వాళ్ల దగ్గర లేదు. "లగ్గమాయె, ఇండ్లకు పోండ్రి!" అన్నాడు. డేరా అంతా ఒకటే నవ్వు. బావ లేచి వెళ్లిపోయాడు.

తెల్లారి బావ వాళ్లమ్మ, మా మేనత్త, వచ్చి గడపలోనే నిలబడి మా నాయనను పిలిచింది.

"అన్నా, మా ఇజ్జత్ పాయె. పిల్లను జేసుకోం."

"గది బొమ్మనే! నా బిడ్డ ఆ శాయిలు మొఖం సుత సూడలే."

"గది ఊరికి ఎర్కనా?"

ఆ ఎండాకాలమే అక్కను డోంగ్లిలో పెండ్లాం పోయినాయనకు ఇచ్చారు. అక్క ఏడవలేదు. బండి ఎక్కేటప్పుడు నా జడ సరిచేసి, "పో" అంది.

టీవీలో రీలు తెగలేదు. ఆ పిల్ల దండ పట్టుకుని గెలిచినాయనను దాటిపోయింది. మన్నులో కూర్చున్న బక్కాయన మెడలో వేసింది.

"మంచిగుందా అవ్వా?" అంది మనవరాలు.

"ఉన్నది బిడ్డా" అన్నాను.

అక్క పోయింది, బావ పోయాడు. మేనత్త ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియదు.