గుమ్మడికాయకు తొలి కోత

నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. కర్పూరం ఆర్పి ఒట్టు వేయమన్నా వేస్తాను... ఇది జరిగింది.

మా అక్కకు కుడిచెయ్యి పడిపోయి ఎనిమిది నెలలు. కోడలు తరిగిన కూర ముట్టదు. "నా చేత్తో తరిగితేనే నాకు అన్నం" అని మొండికేసి సగానికి సగం చిక్కిపోయింది. చూడలేక ఎడమచేత్తో తిప్పే కోత మిషన్ ఒకటి చేశాను. పలకలు ధర్మపురిలో లేజర్‌తో కోయించాను. పళ్ళచక్రాలు నా 3డి ప్రింటర్‌లో ప్లాస్టిక్‌తో తీశాను. మోటారు లేదు, కరెంటు లేదు. పిడి తిప్పితేనే బ్లేడు దిగుతుంది.

కోడలు పుట్టింటికి పోయిన రోజు మిషన్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. కారిమంగళం సంతలో కొన్న లేత గుమ్మడికాయ అందులో పెట్టాను. అక్క అడ్డుపడింది.

"గుమ్మడికాయకి మొదటి కోత మగోళ్ళు పెట్టాలరా. ఆడది పెట్టగూడదు."

"కోసేది మిషను. దానికి మగేంది, ఆడేంది? తిప్పక్కా!"

తిప్పింది. ముక్కలు ముచ్చటగా పడ్డాయి. సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నది. నేనూ అక్కడే పడుకున్నాను.

టక్...

మెలకువ వచ్చింది. టక్... టక్... నా చక్రాల చప్పుడు నాకు తెలియదా? ఫోను లైటు వేసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అక్క మిషన్ ముందు కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమచెయ్యి బ్లేడు కింద ఉంది. పిడి తిప్పుతున్నది... కుడిచెయ్యి.

"అక్కా!"

రెండు చేతులతో ఆ కుడిచేతిని పట్టుకున్నాను. ఐసులా ఉంది. ఆగలేదు... నన్ను కూడా కలిపి తిప్పింది. ఎడమచెయ్యి లాగాను. రాలేదు. బ్లేడు వేళ్ళకు ఆనింది. నా వల్ల కాలేదండీ... నిజంగా కాలేదు. చివరికి కాలెత్తి మిషన్‌ను తన్నాను. చక్రం పటుక్కున విరిగింది. కుడిచెయ్యి జారి ఒళ్ళో పడింది.

"ఏందిరా, ఇంత రాత్రిలో ఏం చేస్తా ఉండావు?" అన్నది అక్క.

నిద్రలో నడిచిందా? నరం ఏదైనా కదిలిందా? డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. ఆ చెయ్యి మళ్ళీ కదలలేదు. జరిగింది దాచుకోలేక నేనే అక్కకు చెప్పాను. బుద్ధి తక్కువ. ఇప్పుడు మళ్ళీ అన్నం మానేసింది.

"నా చెయ్యి కదిలిందంటివి గదా. ఆ మిషను బాగుచేసియ్యిరా. ఈ వేళ్ళు పోతే పోనీ."

కొత్త చక్రం ప్రింట్ చేసి పెట్టాను... బిగించమంటారా?